ఫార్మాట్ కొట్టే ముందు ఒక్కసారి అడగండ్రి

ఈ నెల వచ్చిన ప్రశ్నలల్ల ఒక్క మాట మళ్ల మళ్ల కనపడ్డది, "షాపాయన ఫార్మాట్ కొట్టాలె అన్నడు" అని. మిర్యాలగూడల అదే, వనపర్తిల అదే, కాంట కంప్యూటర్‌కీ అదే, పెండ్లి ఫొటోలున్న డిస్క్‌కీ అదే. నేను లైనక్స్ సర్వర్లు చూసుకునే ఉద్యోగంల ఉన్న, మా దగ్గర ఏదన్న ఆగిపోతే ముందు లాగ్, అంటే మిషన్ రాసుకున్న చిట్టా చదువుతం, కారణం తెలిసినాకనే చెయ్యి పెడుతం. కారణం తెల్వకుండ ఫార్మాట్ కొడితే ఆ తిప్పలు మళ్ల రావని ఎవ్వరూ చెప్పలేరు, పైగా పోయిన ఫైళ్లు ఎటూ పోయినట్టే. అందుకే కొన్ని జవాబులు పొడుగైనయి, ఓపికగ చదవండ్రి.

ప్రశ్న: నేను మిర్యాలగూడల రైస్ మిల్లుల గుమాస్తని. మా ధర్మకాంట కంప్యూటర్‌ల విండోస్ తీసేసి సేటు కొడుకు ఉబుంటు 22.04 వేసిండు, పైథాన్‌ల చిన్న ప్రోగ్రాం రాసి పెట్టిండు. కాని కాంట రీడింగ్ స్క్రీన్ మీదికి వస్తలేదు. యూఎస్‌బీ కన్వర్టర్ కేబుల్ ఖరాబైందన్నరు, కొత్తది కొన్నం, అది కూడ అంతే. యూఎస్‌బీ లిస్టుల మాత్రం 1ఎ86:7523 అని కనపడుతది. ఇప్పుడు బరువు చూసి చేత్తోని రాస్తున్నం, బయట ట్రాక్టర్లు లైన్ కట్టినయి. ఇగ మళ్ల విండోస్ వేసుడేనా?

జవాబు: విండోస్ అక్కర్లేదు. కొత్త కేబుల్ వాపస్ తీసుకుంటే ఇచ్చెయ్యండ్రి, మీ పాతది మంచిగనే ఉండి ఉంటది. మీరు ఆ నంబర్ రాసుడు మస్తు మంచి పని చేసిండ్రు, సగం జవాబు దాంట్లనే ఉన్నది. 1ఎ86:7523 అంటే సీహెచ్340 అనే చిప్, చవక కన్వర్టర్లల్ల ఎక్కువ ఉండేది ఇదే. ఉబుంటు 22.04ల బీఆర్ఎల్‌టీటీవై అని ఒక సర్వీస్ ముందే వేసి ఉంటది. అది చూపు లేనోళ్లు వేళ్లతోని చదువుకునే బ్రెయిల్ డిస్‌ప్లేల కోసం పెట్టింది. కొన్ని బ్రెయిల్ డిస్‌ప్లేల లోపట కూడ ఇదే చిప్, ఇదే నంబర్ ఉంటది, అందుకని మీ కాంట కేబుల్ పెట్టంగనే ఆ సర్వీస్ దాన్ని బ్రెయిల్ మిషన్ అనుకొని పట్టేసుకుంటది. మీ ప్రోగ్రాం పోయి చూసేసరికి పోర్ట్ ఉండదు.

ఇదేనా కాదా అని ఎట్ల తెలుస్తదంటే, టెర్మినల్ (కమాండ్లు కొట్టే విండో) తెరిచి సుడో డీమెసేజ్ కొట్టండ్రి. సుడో అంటే అడ్మిన్ హక్కుతోని నడిపియ్యమని, డీమెసేజ్ అంటే డి, ఎం, ఇ, ఎస్, జి అని ఐదు అక్షరాలు. కేబుల్ ఊడపీకి మళ్ల పెట్టి ఇంకోసారి కొడితే కింద కొత్త లైన్లు వస్తయి. అందుల కన్వర్టర్ టీటీవై యూఎస్‌బీ 0కి (అది మీ పోర్ట్ పేరు) అటాచ్ అయిందని ఒక లైను, వెంటనే దాని కిందనే డిస్‌కనెక్ట్ అయిందని ఇంకో లైను, ఆ రెండింటి నడుమ బీఆర్ఎల్‌టీటీవై పేరు ఉంటదన్నట్టు. ఆ మూడు కనపడితే ఇగ డౌట్ లేదు. సుడో ఆప్ట్ రిమూవ్ అని ఆ పేరు కొట్టి తీసేసి, కేబుల్ మళ్ల పెట్టండ్రి. ఆ కంప్యూటర్ మీద బ్రెయిల్ వాడేటోళ్లు ఎవరన్న ఉంటే మాత్రం తియ్యొద్దు, అప్పుడు వేరే చిప్ ఉన్న కన్వర్టర్ కొనుడే మర్యాద.

పోర్ట్ వచ్చినంక ఇంకో అడ్డం వస్తది, పర్మిషన్ డినైడ్ అని. ఇట్లాంటి పోర్ట్‌ని సీరియల్ పోర్ట్ అంటరు, దాన్ని ముట్టుకోవాలంటే మీ యూజర్ డయలౌట్ అనే గ్రూపుల ఉండాలె. యూజర్‌మాడ్ కమాండ్‌ల చిన్న ఎ, పెద్ద జి రెండూ కలిపి కొట్టాలె, మైనస్ తర్వాత. ఆ చిన్న ఎ మర్చిపోతే డయలౌట్‌ల చేరుతరు గాని మిగతా అన్ని గ్రూపులల్ల నుంచి మీ పేరు పోతది, సుడో కూడ పోతది, అప్పుడు సీజన్ నడుమ అసలు తిప్పలు మొదలైతది. చేసినంక లాగౌట్ అయ్యి మళ్ల లాగిన్ కావాలె, లేకుంటే పని చెయ్యదు.

ఇంత చేసినా అంకెల బదులు పిచ్చి గుర్తులు వస్తే బాడ్ రేట్, అంటే డేటా పంపే వేగం, రెండు దిక్కుల కలుస్తలేదని అర్థం. కాంట ఇండికేటర్ సెట్టింగ్‌ల 2400 ఉన్నదా 9600 ఉన్నదా చూసి ప్రోగ్రాంల అదే పెట్టమనండ్రి. సీజన్ అయినంక తీరికగ 24.04కి మారుండ్రి, 22.04కి మామూలు అప్‌డేట్లు 2027 ఏప్రిల్ దాకనే. ఇప్పుడు మాత్రం ట్రాక్టర్లు లైన్‌ల ఉండంగ ఏ అప్‌గ్రేడూ ముట్టుకోవద్దు.

ప్రశ్న: అన్నా, మాది వనపర్తి. కరెంట్ పోయి వచ్చినప్పుడల్ల మా డెస్క్‌టాప్‌ల ఏ సైట్ ఓపెన్ చేసినా "మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు" అని ఎర్రగ వస్తది. వైరస్ ఉన్నది, ఫార్మాట్ కొట్టాలె అన్నరు.

జవాబు: ముందు కింద మూలకు తారీఖు చూడు తమ్ముడు. పదేండ్ల కిందటి సంవత్సరం చూపెడుతుంటే నీ మదర్‌బోర్డ్ మీది గుండ్రటి బ్యాటరీ అయిపోయింది, అంతే. ప్రతి సైట్‌కి అది అసలుదే అని చెప్పే సర్టిఫికెట్ ఉంటది, దానికి ఫలానా తారీఖు నుంచి ఫలానా తారీఖు దాకా అని గడువు ఉంటది, మిషన్ 2015ల ఉన్నాననుకుంటే ఈ సర్టిఫికెట్ ఇంకా మొదలే కాలేదు అని బ్రౌజర్ ఆపుతది. బ్రౌజర్ చేసేది కరెక్టే. సీఆర్2032 అని అడిగితే గడియారాల షాపుల కూడ ఇస్తరు. ప్లగ్ పీకి, పాతది తీసి, రాతలున్న దిక్కు పైకి పెట్టి వెయ్యి, బయోస్‌ల (కంప్యూటర్ ఆన్ కాంగనే తెరుచుకునే సెట్టింగులల్ల) టైం పెట్టు. ఫార్మాట్‌తోని బ్యాటరీ నిండదు.

ఇట్లాంటిదే నాగర్‌కర్నూల్ నుంచి ఇంకొకరు అడిగిండ్రు, లైనక్స్, విండోస్ రెండూ ఉన్నయి, ఒకదాంట్ల నుంచి ఇంకోదాంట్లకి పోతే టైం ఐదున్నర గంటలు తేడా వస్తుందని. తేడా సరిగ్గ ఐదున్నర అయితే బ్యాటరీ మంచిగనే ఉన్నట్టు. లైనక్స్ బోర్డ్ మీది గడియారంల యూటీసీ (ప్రపంచమంతటికీ లెక్కగ పెట్టుకున్న టైం) రాస్తది, విండోస్ మన టైం రాస్తది, ఒకరు రాసింది ఇంకొకరు తప్పు చదువుతున్నరు. లైనక్స్‌ల టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండ్‌కి సెట్ లోకల్ ఆర్‌టీసీ అని, పక్కన ఒకటి పెడితే ఇద్దరూ మన టైమే వాడుతరు.

ప్రశ్న: దేవరకొండల ఆన్‌లైన్ సెంటర్ పెట్టిన. రోజూ ఎవరో ఒకరు పెన్‌డ్రైవ్ పెడుతరు, వైరస్‌లు వస్తనే ఉన్నయి. అన్నీ లైనక్స్‌కి మార్చేస్తే మనశ్శాంతి ఉంటదని మా బావమరిది అంటున్నడు. నిజమేనా సార్?

జవాబు: నేను రోజంత లైనక్స్ మీదనే బతుకుతా, అయినా మీకు అన్నీ మార్చమని చెప్పను. వేలిముద్ర మిషన్ నడవాలంటే దాని కంపెనీ ఇచ్చే ఆర్‌డీ సర్వీస్ అనే సాఫ్ట్‌వేర్ ఉండాలె, అది ఎక్కువగ విండోస్‌కి, ఆండ్రాయిడ్‌కి ఇస్తరు, లైనక్స్‌కి దొరుకుడు కష్టం. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్లతోని కూడ ఇట్లాంటి ఇబ్బందే ఉంటది. మీ కౌంటర్ ముందర ముసలోళ్లు పింఛన్ కోసం నిలబడ్డప్పుడు మీరు డ్రైవర్ వెతుక్కుంట కూసునుడు బాగుండదు. ఆ ఒక్క మిషన్ విండోస్ మీదనే ఉంచండ్రి, అప్‌డేట్లు ఆపకండ్రి, దాన్ల పెన్‌డ్రైవ్ పెట్టనియ్యకండ్రి.

రెండో మిషన్ ఉన్నదా? జిరాక్స్ ప్రింట్లు తీసేది? అది లైనక్స్‌కి మారాలె. పెన్‌డ్రైవ్‌లు అన్నీ దాంట్లనే పెట్టించండ్రి, విండోస్ కోసం రాసిన షార్ట్‌కట్ వైరస్‌లు అక్కడ ఊరికె ఫైళ్ల లెక్క పడి ఉంటయి, నడవవు. ప్రింటర్ కొనే ముందు, ఉన్నదైనా సరే, ఏ ప్రింటర్ లైనక్స్‌ల నడుస్తదో చెప్పే ఓపెన్ ప్రింటింగ్ డేటాబేస్‌ల మోడల్ నంబర్ కొట్టి చూడండ్రి. హెచ్‌పీ ప్రింటర్లకు చానా వాటికి హెచ్‌పీలిప్ అనే డ్రైవర్ ఉన్నది. మన దగ్గర జిరాక్స్ షాపులల్ల కనపడే కెనాన్ ఎల్‌బీపీ 2900 లాంటివి మాత్రం క్యాప్ట్ అనే సొంత పద్ధతిల మాట్లాడుతయి, లైనక్స్‌ల నడిపించుడు కష్టం, దాన్ని విండోస్ మిషన్‌కే ఉంచండ్రి. కొత్తది కొంటే డబ్బా మీద ఎయిర్‌ప్రింట్ అని ఉన్నది చూసి కొనండ్రి, అట్లాంటివి డ్రైవర్ అవసరం లేకుండనే లైనక్స్‌ల ప్రింట్ ఇస్తయి.

మీరు అడగలేదు గాని వైరస్ కన్న పెద్ద విషయం ఒకటి ఉన్నది, అది చెప్పకుండ ఉండలేను. మన ఊర్లల్ల ఏ సెంటర్‌కన్న పోయి డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిస్తే వందల మంది ఆధార్‌లు, బ్యాంక్ పాస్‌బుక్కులు, కులం సర్టిఫికెట్లు అట్లనే పడి ఉంటయి. ఎవరి పేరు మీద ఎవరు లోన్ తీసుకున్నరో తెల్వని రోజులు ఇవి. పని అయిపోంగనే, కస్టమర్ ముందరనే ఆ ఫైల్ డిలీట్ చెయ్యండ్రి, రీసైకిల్ బిన్ కూడ ఖాళీ చెయ్యండ్రి. మర్చిపోతం అనుకుంటే విండోస్ సెట్టింగ్స్‌ల స్టోరేజ్ సెన్స్ ఉన్నది, డౌన్‌లోడ్స్‌ల ఒక్క రోజు ముట్టని ఫైళ్లు తీసెయ్యి అని పెట్టొచ్చు. క్రోమ్ గెస్ట్ విండోల తెరిస్తే కస్టమర్ పాస్‌వర్డులు మీ మిషన్‌ల మిగలవు. వాట్సాప్ వెబ్‌ల లాగిన్ అయినోళ్లతోని పోయేముందు వాళ్ల ఫోన్‌ల లింక్డ్ డివైజెస్ తెరిపించి లాగౌట్ చేయించండ్రి, చదువురానోళ్లు అయితే మీరే దగ్గరుండి చూపియ్యండ్రి. గుర్తింపు చూపెట్టడానికే అయితే చివరి 4 అంకెలు మాత్రమే కనపడే మాస్క్‌డ్ ఆధార్ ఉంటది, అది చాలే చోట అదే తీసియ్యండ్రి. మనల్ని నమ్మి కాగితం చేతుల పెడుతున్నరు వాళ్లు.

ప్రశ్న: అన్నా నేను మహబూబ్‌నగర్‌ల గ్రూప్స్‌కి ప్రిపేర్ అయితున్న. నా ల్యాప్‌టాప్ ఐ3 ఐదో జనరేషన్, 4 జీబీ ర్యామ్. విండోస్ 10 బంద్ అయిందంట, 11 ఎక్కదంట, పారేసి కొత్తది కొనమన్నరు. అంత పైసలు ఇంట్ల అడగలేను.

జవాబు: పారెయ్యకు చెల్లె. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తోని మామూలు సపోర్ట్ అయిపోయింది, నిజమే. పేరు నమోదు చేసుకున్న ఇంటి యూజర్లకి ఇంకో ఏడాది, 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తమని చెప్పిండ్రు. విండోస్ 11 ఇంటెల్‌ల ఎనిమిదో జనరేషన్ నుంచి, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉన్న వాటికే, కాబట్టి నీ దానికి ఎక్కదు. కాని నీ ప్రాసెసర్‌కి ఏం కాలేదు, పీడీఎఫ్‌లు చదువుడు, వీడియో క్లాసులు చూసుడు, టెస్ట్ సిరీస్ రాసుడు, వీటికి అది మస్తు.

లైనక్స్ మింట్ 22, తేలికగ నడిచే ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ వేసుకో, దానికి 2029 దాకా అప్‌డేట్లు వస్తయి. వేసే ముందు 8 జీబీ పెన్‌డ్రైవ్ మీదికి ఎక్కించి దాని మీది నుంచే బూట్ చేసి చూడు, డిస్క్ ముట్టుకోకుండనే అంత నడుస్తది. వైఫై వస్తుందా, సౌండ్ వస్తుందా, కెమెరా, మూత మూసి తెరిస్తే లేస్తుందా, ఈ నాలుగు అక్కడనే చూసుకో. అన్నీ ఉంటేనే ఇన్‌స్టాల్. దానికి ముందు నోట్స్, ఫొటోలు బయట డిస్క్‌లకి కాపీ చేసుకో, ఇన్‌స్టాలర్ అడిగే ఎరేజ్ డిస్క్ అనే ప్రశ్న నిజంగనే అంత చెరిపేస్తది.

లోపట ఇంకా తిరిగే హార్డ్ డిస్కే ఉంటే, ఖర్చు పెట్టగలిగే మొదటి రూపాయి ఎస్ఎస్‌డీ మీద పెట్టు. ర్యామ్ తర్వాత. 4 జీబీల బ్రౌజర్ ట్యాబులు ఇరవై తెరిస్తే ఏ సిస్టమ్ అయినా కూలవడుతది, లైనక్స్ అయితే ఆగదని ఎవరన్న చెప్తే నమ్మకు. పరీక్ష అప్లికేషన్ పెట్టే రోజు మాత్రం ఎందుకైనా మంచిదని ఫీజు రసీదు పీడీఎఫ్ ఫోన్‌ల కూడ దాచుకో.

ప్రశ్న: లైనక్స్‌కి యాంటీవైరస్ కావాల్నా?

జవాబు: ఇంట్ల వాడే డెస్క్‌టాప్‌కి కొనక్కర్లేదు. అప్‌డేట్లు టైంకి వెయ్యాలె, సాఫ్ట్‌వేర్ దాని రిపాజిటరీ (ఆ సిస్టమ్ సొంత సాఫ్ట్‌వేర్ గోదాం) నుంచే తీసుకోవాలె, ఎక్కడనో చూసిన కమాండ్ సుడో పెట్టి అతికియ్యొద్దు.

ప్రశ్న: సూర్యాపేటల ఫొటో స్టూడియో మాది. 2 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్క్ ఓపెన్ చేస్తే ఆగి ఆగి వస్తుంది, కొన్ని ఫోల్డర్లు అసలు తెరుచుకుంటలేవు. అందుల ముగ్గురి పెండ్లి ఫొటోలు ఉన్నయి, ఆల్బం ఇంకా ఇయ్యలే. చెక్ డిస్క్ పెట్టమని ఒకాయన, ఫార్మాట్ కొట్టి రికవరీ చేస్తనని ఇంకొకాయన. ఏం చెయ్యాలె?

జవాబు: ముందు ఆ కేబుల్ పీకెయ్యండ్రి. ఇది చదువుకుంట దాన్ని ఆన్ చేసి ఉంచినా నష్టమే. సావునకు దగ్గరవడ్డ డిస్క్ ఇంకెన్ని గంటలు తిరుగుతదో తెల్వదు, ఆ గంటలన్నీ ఫొటోలు బయటికి తీసుడుకే వాడాలె. చెక్ డిస్క్ ఏం చేస్తదంటే ఫైల్ సిస్టమ్ సరిచేస్తానని డిస్క్ అంత తిరుగుతది, దాని మీదనే రాస్తది. ఖరాబైన డిస్క్ మీద రాసుడు ఎప్పుడూ వద్దు. ఫార్మాట్ కొట్టి రికవరీ అన్నాయన దగ్గరికి మళ్ల పోవద్దు.

ఇప్పుడు ఒక్కటి గుర్తుకు తెచ్చుకోండ్రి, టక్ టక్ అని శబ్దం వస్తుండెనా? వస్తే లోపట డేటా చదివే హెడ్ దెబ్బతిన్నట్టే, ఇగ ఇంట్ల ఏం చెయ్యొద్దు, హైదరాబాద్‌ల క్లీన్ రూమ్ ఉన్న డేటా రికవరీ వాళ్లకే ఇయ్యాలె, ఖర్చు ఎక్కువే అయితది గాని ఇంకో తొవ్వ లేదు. డిస్క్ విప్పి చూస్తనన్నోళ్లకి ఇయ్యకండ్రి, చిన్న దుమ్ము కణం పడ్డా ప్లేట్ గీరుకుపోతది.

శబ్దం లేదు, ఆగి ఆగి వస్తుంది అంతే అంటే మీరే తియ్యొచ్చు. అంతే సైజు లేదా పెద్ద ఖాళీ డిస్క్ ఒకటి కొనండ్రి. లైనక్స్ మిషన్‌ల స్మార్ట్‌సీటీఎల్‌తోని స్మార్ట్ రీడింగ్ (డిస్క్ ఆరోగ్యం లెక్క) తీస్తే 197 నంబర్ ఎదురుంగ కరెంట్ పెండింగ్ సెక్టార్ అని ఒక లైను ఉంటది, ఆ లైను చివర ఉన్న సంఖ్య సున్నా కాకుంటే చదవరాని జాగలు ఉన్నయని అర్థం. తర్వాత డీడీ రెస్క్యూ అనే కాపీ ప్రోగ్రాం. ఉబుంటుల, డెబియన్‌ల ప్యాకేజీ పేరు ముందర ఒక జి ఉంటది, కమాండ్‌కి ఉండదు. ఇది మామూలు కాపీ లెక్క ఖరాబ్ జాగ దగ్గర మొండికేసి కూసోదు, దాన్ని వదిలిపెట్టి మంచిగున్న జాగలన్నీ ముందు తీసుకుంటది, ఆఖర్ల మాత్రమే ఖరాబ్ వాటి దగ్గరికి వాపస్ వస్తది. ఎంతవరకు తీసిందో ఒక మ్యాప్ ఫైల్‌ల రాసుకుంటది, నడుమ కరెంట్ పోయినా అక్కడి నుంచే మొదలువెట్టొచ్చు. మ్యాప్ ఫైల్ పేరు ఇచ్చుడు మాత్రం మర్చిపోవద్దు, అది ఖరాబ్ డిస్క్ మీద పెట్టొద్దు.

ఇంకొకటి, కమాండ్‌ల ముందు వచ్చేది పాత డిస్క్, తర్వాత వచ్చేది కొత్తది. ఈ రెండు అటిటు అయితే ఖాళీ డిస్క్ వచ్చి ఫొటోల మీద పడుతది. ఎంటర్ కొట్టే ముందు డిస్కుల లిస్టు చూపెట్టే ఎల్ఎస్‌బీఎల్‌కే కొట్టి మోడల్, సైజు చూసుకొని, పక్కన ఇంకొకర్ని కూసోబెట్టి గట్టిగ చదివించండ్రి, నా ఉద్యోగంల కూడ పెద్ద డిస్క్ పని ఇట్లనే ఇద్దరం చూసి చేస్తం. కాపీ అయినంక పాతది దాచిపెట్టి, కాపీ మీదనే ఫొటోరెక్ లాంటి ఫొటోలు వెతికి తీసే ప్రోగ్రాంలు నడిపియ్యండ్రి.

ఇగ నుంచి పెండ్లి షూట్ అయిన రాత్రే రెండు డిస్కులల్లకి ఎక్కాలె, ఒకటి స్టూడియోల, ఇంకోటి ఇంట్ల. మెమరీ కార్డ్ ఆ రెండూ తెరిచి చూసినంకనే చెరపాలె. పెండ్లి మళ్ల చేయించలేం కదా.

ప్రశ్న: జడ్చర్ల దగ్గర కంపెనీల ఐటీ అసిస్టెంట్‌ని. సర్వర్ డిస్క్ 100 పర్సెంట్ అయింది, 40 జీబీ లాగ్ ఫైల్ ఉంటే ఆర్ఎం (ఫైల్ తీసేసే కమాండ్) కొట్టిన. ఫైల్ పోయింది, జాగ మాత్రం రాలేదు. రీబూట్ చేద్దామంటే మేనేజర్ ఒప్పుకుంటలేడు.

జవాబు: మీ మేనేజర్ కరెక్టే, రీబూట్ అక్కర్లేదు. లైనక్స్‌ల ఆర్ఎం పేరును తీస్తది. ఆ ఫైల్‌ను ఏదన్న ప్రోగ్రాం తెరిచి పట్టుకొని ఉంటే, అది వదిలేదాక లోపటి డేటా డిస్క్ మీదనే ఉంటది. అందుకే ఫైళ్ల సైజులు కూడే డీయూ ఒక లెక్క, డిస్క్‌ల మిగిలిన జాగ చెప్పే డీఎఫ్ ఇంకో లెక్క చెప్తయి. ఎల్ఎస్ఓఎఫ్ ప్లస్ ఎల్ 1 కొడితే పేరు పోయినా తెరిచి ఉన్న ఫైళ్లు, వాటిని పట్టుకున్న ప్రోగ్రాం పేరుతోని సహా కనపడుతయి. ఆ ఒక్క సర్వీస్‌ని రీస్టార్ట్ చేస్తే 40 జీబీ వాపస్ వస్తది. ఇంకోసారి నడుస్తున్న లాగ్‌ని ఆర్ఎం కొట్టకుండ ట్రంకేట్‌తోని సైజు సున్నా చెయ్యి, జాగ అప్పుడే దొరుకుతది.

జాగ ఉన్నా నిండింది అంటుంటే డీఎఫ్ మైనస్ ఐ చూడు, చిన్న చిన్న ఫైళ్లు లక్షల్ల ఉండి ఐనోడ్లు (ఒక్కో ఫైల్‌కి ఒకటి చొప్పున పట్టే నమోదు గడులు) అయిపోయి ఉండొచ్చు. ఇంకా, ఈఎక్స్‌టీ4 అనే లైనక్స్ ఫైల్ సిస్టమ్‌ల 5 శాతం జాగ రూట్ (అడ్మిన్ యూజర్) కోసం పక్కన పెట్టి ఉంటది, 1 టీబీ డేటా డిస్క్ మీద అది 50 జీబీ దాక ఊరికె పోయినట్టు, ట్యూన్2ఎఫ్ఎస్‌తోని 1 శాతం చెయ్యొచ్చు, సిస్టమ్ ఉండే రూట్ పార్టిషన్‌ది మాత్రం అట్లనే ఉండనియ్యి. ఆ లాగ్ 40 జీబీ దాక ఎందుకు పెరిగిందో చూసినవా? లాగులు పెరగకుండ చూసే లాగ్‌రొటేట్‌ల దాని పేరు లేకనో, లేకుంటే అదే ఎర్రర్ సెకనుకు వందసార్లు రాస్తుండొచ్చు. ముందు ఆఖరి రెండు వందల లైన్లు చదువు, తర్వాతనే టికెట్ క్లోజ్ చెయ్యి.

ప్రశ్న: నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర డీటీపీ షాప్. పెండ్లి కార్డులు, కరపత్రాలు అన్నీ పేజ్‌మేకర్, అను ఫాంట్లల్ల. కంప్యూటర్ పాతదైంది, లైనక్స్ పెడితే ఇవన్నీ నడుస్తయా?

జవాబు: అట్లనే నడవవు. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7, అది వచ్చింది 2001ల. అను ఫాంట్లల్ల ఉన్నది యూనికోడ్ (అన్ని మిషన్లు ఒక్కతీరుగ చదివే అక్షరాల పద్ధతి) కాదు, ఫాంట్ లేని మిషన్‌ల తెరిస్తే తెలుగు బదులు ఏవో ఇంగ్లీష్ గుర్తులు కనపడుతయి. మీ ఇరవై ఏండ్ల కార్డులు, డిజైన్లు అందుల ఉన్నయి కాబట్టి ఆ పాత మిషన్‌ని నెట్ తీసేసి అట్లనే ఉంచండ్రి, ఫైళ్లన్నీ ఇంకో డిస్క్‌లకి కాపీ పెట్టండ్రి, పూర్తయిన ప్రతి పనీ పీడీఎఫ్ చేసి దాచండ్రి.

కొత్త పని మాత్రం యూనికోడ్‌ల మొదలువెట్టమని గట్టిగ చెప్తున్న. తెలుగుకు యూనికోడ్‌ల జాగ 1991 నుంచీ ఉన్నది, ఫోన్‌లు, వాట్సాప్, గూగుల్ వెతుకులాట అంత దాని మీదనే. కస్టమర్ వాట్సాప్‌ల మ్యాటర్ పంపుతడు, మీరు మళ్ల కూసొని మొత్తం అనుల కొడుతరు, ఆ కొట్టుడుల ఇంటిపేర్లు తప్పు పడుతయి, కార్డులు అచ్చయినంక లొల్లి. యూనికోడ్ అయితే వాళ్లు పంపిందే అతికిచ్చుడు. లైనక్స్‌ల పేజీలు డిజైన్ చేసే స్క్రైబస్ 1.6 తెలుగు ఒత్తులు సరిగ్గనే చూపెడుతది. ఫాంట్లు పైసలు లేకుండ మంచివే దొరుకుతయి, రామభద్ర, మండలి, ఎన్టీఆర్, మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు పెట్టిన సురవరం కూడ ఉన్నది, హెడ్డింగులకు నిండుగ ఉంటది.

టైపింగ్‌కి ఐబస్ ఎం17ఎన్ ప్యాకేజీ వేస్తే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, యాపిల్, పోతన అని లేఅవుట్లు వస్తయి, మీ చేతికి ఏది దగ్గరున్నదో కొట్టి చూసుకోండ్రి. ఇప్పుడే మొదలువెట్టే పిల్లలకైతే ఇన్‌స్క్రిప్ట్ నేర్పియ్యండ్రి. ఏండ్ల తరబడి అలవాటైన వేళ్లు మారుడు కష్టమే, రోజుకొక్క కార్డు మాత్రం కొత్త పద్ధతిల చేసుకుంట పోండ్రి, మిగతావి పాత మిషన్‌ల నడవనియ్యండ్రి.

ప్రశ్న: నల్లగొండ ఎంజీ యూనివర్సిటీల చదువుతున్న. లైనక్స్ అడ్మిన్ కావాలని ఉన్నది. సీనియర్ ఇచ్చిన సెంటోస్ 7 నోట్స్ ఉన్నయి. అమీర్‌పేట్‌ల కోర్సు చెయ్యాల్నా, ఇంట్ల నేర్చుకోవచ్చా?

జవాబు: నోట్స్‌ల కమాండ్లు చానా వరకు పనికొస్తయి, కాని సెంటోస్ 7కి 2024 జూన్ 30తోని సపోర్ట్ అయిపోయింది. దాని లెక్కనే ఉండే రాకీ లేదా ఆల్మా లైనక్స్ వేసుకొని అదే నోట్స్ చదువు. ఇంట్ల నేర్చుకోవచ్చు, పాత డెస్క్‌టాప్ చాలు. వర్చువల్ మిషన్‌ల కావాలనే పాడు చేసి బాగుచెయ్యి, ఎఫ్ఎస్ ట్యాబ్‌ల (బూట్‌ల ఏ డిస్క్ ఎక్కడ తగిలించాలో చెప్పే ఫైల్) ఒక లైను తప్పు రాసి బూట్ కాకుండ చెయ్యి, రూట్ పాస్‌వర్డ్ మర్చిపోయినట్టు మార్చు, డిస్క్ నింపు, పైన జడ్చర్లాయన ప్రశ్న నీ మిషన్‌ల నువ్వే తయారుచేసి జవాబు రాబట్టు. రెడ్ హ్యాట్ కంపెనీ పెట్టే ఆర్‌హెచ్‌సీఎస్ఏ అనే అడ్మిన్ పరీక్ష కూడ మిషన్ ముందు కూసొని చేసి చూపెట్టేదే, బట్టీ కొడితే రాదు. కోర్సు చేస్తే తప్పు లేదు, ల్యాబ్ ఇచ్చే చోట చెయ్యి, వీడియోలు పెట్టి పంపే చోట వద్దు.

ఇంటర్వ్యూల గురించి అడుగుతరు అందరు, నేను ఇంటర్వ్యూల కూసున్నప్పుడు చూసేది ఒక్కటే, ఎర్రర్ వస్తే ఈ పిల్లగాడు చదువుతడా, చదవకుండనే గూగుల్‌ల అతికిస్తడా అని. 2024 మార్చ్‌ల ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ తన డెబియన్ టెస్ట్ మిషన్‌ల ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి మిషన్‌లకి పోయే పద్ధతి) లాగిన్ అర సెకను ఎక్కువ తీసుకుంటుందని చూసిండు. చానామంది పట్టించుకోకపోదురు. ఆయన ఎందుకని తవ్వుకుంట పోతే ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లల్ల ఎవరో కావాలని పెట్టిన దొంగ తలుపు బయటపడ్డది, అది ఇంకా పెద్ద పెద్ద సర్వర్లల్లకి చేరకముందే ఆగిపోయింది. ఆ కథ మొత్తం ఆయన మెయిలింగ్ లిస్ట్‌కి రాసిన ఉత్తరంల ఉన్నది, ఇంగ్లీష్ కష్టమైనా కూసొని చదువు, ఏ కమాండ్ ఎందుకు కొట్టిండో లైను లైను రాసుకో. చానా సర్వర్లను కలిపి నడిపే కుబెర్నెటిస్ వచ్చే ఏడాది చూసుకోవచ్చు, ముందు బాష్ (కమాండ్లు కొట్టే షెల్), నెట్‌వర్కింగ్, సిస్టమ్‌డీ (సర్వీసులను నడిపేది) ఈ మూడు గట్టిగ పట్టు.

వచ్చే నెలకు ప్రశ్నలు పంపేటోళ్లు స్క్రీన్ మీద వచ్చిన ఎర్రర్ మొత్తం రాయండ్రి లేదా ఫొటో తీసి పంపండ్రి, సిస్టమ్ పేరు, వెర్షన్, అది మొదలయ్యే ముందు రోజు ఏం మార్చిండ్రో కూడ. ఎర్రర్ ఫొటోల పాస్‌వర్డ్ గాని, ఆధార్ నంబర్ గాని కనపడుతుంటే చెరిపి పంపండ్రి.